నమ్మకం ఎవరిది? అమానత్ ఎవరిది?

వినియోగదారులు అందరికన్నా ఎక్కువగా ఏ కంపెనీని నమ్ముతున్నారు? ఈ ప్రశ్నకు జవాబుగా మన దేశంలో ఏటేటా జాబితాలు వెలువడుతున్నాయి. ఒక ప్రముఖ ఆంగ్ల వాణిజ్య దినపత్రిక జరిపించే సర్వేలో కోల్గేట్ పలు సంవత్సరాలు మొదటి స్థానంలో నిలిచింది. 2011లో మొదలైన మరో నివేదిక తొలి ఏడాది నోకియాకు అగ్రస్థానం ఇచ్చింది. అమెరికాకు చెందిన ఎడెల్‌మన్ సంస్థ రెండు దశాబ్దాలకు పైగా అనేక దేశాల్లో ప్రజల నమ్మకాన్ని కొలుస్తోంది. ప్రభుత్వం, మీడియా, స్వచ్ఛంద సంస్థలు, వ్యాపార సంస్థలు అనే నాలుగింటిలో జనం దేన్ని ఎంత నమ్ముతున్నారని అది అడుగుతుంది. ఇతరులను సులభంగా నమ్మే ప్రజల వరుసలో భారతీయులు ఎప్పుడూ పైభాగానే ఉంటున్నారు.

ఈ లెక్కలు చూసి మనం గర్వపడాలా, భయపడాలా? జవాబు చెప్పేముందు ఒక సంగతి గమనించాలి. ఈ సర్వేలన్నీ అడిగేది నమ్మేవాణ్ణి. “నీవు ఎవరిని నమ్ముతున్నావు?” అని అడుగుతాయి. నమ్మబడినవాడు ఆ నమ్మకానికి తగినవాడా అన్నది వేరే ప్రశ్న. దాన్ని సర్వే అడగదు, అడిగినా తేల్చలేదు.

మన రాష్ట్ర రాజధానిలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. సత్యం కంప్యూటర్స్ హైదరాబాదు గర్వంగా చెప్పుకున్న సంస్థ. పేరే సత్యం. కంపెనీని నీతిగా నడుపుతున్నందుకు 2008లో దానికి గోల్డెన్ పీకాక్ అనే అంతర్జాతీయ పురస్కారం లభించింది. కొద్ది నెలలు తిరిగేసరికి, 2009 జనవరి 7న, దాని అధినేత రామలింగరాజు స్వయంగా లేఖ రాశాడు. లెక్కల్లో ఉన్నట్టు చూపిన వేల కోట్ల రూపాయలు నిజానికి లేవని అందులో ఒప్పుకున్నాడు. ఆడిటర్లు ఏళ్లకేళ్లు సంతకాలు పెట్టారు, మదుపుదారులు నమ్మారు, పురస్కారం ఇచ్చినవాళ్లూ నమ్మారు. 2015లో న్యాయస్థానం అతనికి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. లేఖకు ముందురోజు ఎవరైనా సర్వే చేసి ఉంటే సత్యానికి మంచి మార్కులే వచ్చి ఉండేవి కదా!

మన భాషలో ‘నమ్మకం’ అనే ఒక్క మాటే రెండు పనులు చేస్తోంది. నేను ఎదుటివాడిపై ఉంచేదీ నమ్మకమే, ఎదుటివాడిలో ఉండవలసినదీ నమ్మకమే. “వాడిమీద నాకు నమ్మకం ఉంది” అంటాం, “వాడు నమ్మకం గల మనిషి” అనీ అంటాం. ఉర్దూలో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. మనం ఉంచేది భరోసా, ఎతెమాద్. ఎదుటివాడిలో ఉండవలసినది దయానత్, అమానత్‌దారీ. మొదటిది మన మనసులో పుడుతుంది. ప్రకటనలతో, సినిమా తారల ముఖాలతో, పండుగ రాయితీలతో దాన్ని పెంచవచ్చు. రెండోది అవతలివాడి నడవడిలో ఉంటుంది. దాన్ని ఏ ప్రకటనా పుట్టించలేదు.

దివ్యఖుర్ఆన్ ఈ రెండో విషయాన్నే మన ముందు ఉంచుతుంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరుకొని, అక్కడి బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీళ్లు తోడిపెట్టిన వృత్తాంతం ఖసస్ సూరాలో ఉంది. ఆ యువతుల్లో ఒకామె తన తండ్రితో ఇతణ్ణి పనిలో పెట్టుకోమని చెప్పింది. ఆమె చూపిన కారణాలు రెండే: అతను బలవంతుడు, అమానత్‌దారుడు. పెద్ద కుటుంబంవాడని గానీ, మంచి పేరున్నవాడని గానీ ఆమె చెప్పలేదు. అతను పరదేశి, అతని పేరు అక్కడ ఎవరికీ తెలియదు. నీళ్లు తోడేటప్పుడు ఆమె బలాన్ని చూసింది, దారిలో అతని నడవడి చూసి అమానత్‌ను గ్రహించిందని వ్యాఖ్యాతలు రాశారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యత కోరినప్పుడు కూడా కాపాడే గుణం, తెలివి అనే రెండు అర్హతలనే ముందుంచారు.

చిత్రమేమిటంటే, ఎడెల్‌మన్ సంస్థ కూడా నమ్మకాన్ని సామర్థ్యం, నైతికత అనే రెండు భాగాలుగానే విడదీసి కొలుస్తోంది. ఈ రెంటిలో ఒకటి ఉండి మరొకటి లేకపోవచ్చు. సత్యంలో పనిచేసిన వేలాది ఇంజనీర్ల పనితనం అబద్ధం కాదు. 2009లోనే ఆ కంపెనీని మహీంద్రా సంస్థ కొనుక్కొని నడిపిందంటే ఆ సామర్థ్యం నిజమైనది కాబట్టే. లోపించింది అమానత్. నోకియా సంగతి దీనికి తలకిందులు. అది ఎవరినీ మోసం చేయలేదు, ఫోన్ల తీరు మారిపోతుంటే తాను మారలేకపోయింది. అగ్రస్థానం వచ్చిన మూడేళ్లకే, 2014లో, తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అప్పగించి తప్పుకుంది. జాబితాలో ఒకే అంకెగా కనిపించే నమ్మకంలో ఇంత తేడా దాగి ఉంది.

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. మా మండలం పేరు రాసేటప్పుడు పక్కన బ్రాకెట్టులో (ఎస్) అని పెడతారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఆత్మకూర్ (ఎం) కూడా ఉంది మరి. ఎస్ అంటే సూర్యాపేట. ఆ ఒక్క అక్షరం లేకపోతే ఉత్తరం ఇంకో ఊరికి పోతుంది. ఉన్న ఊరి పేరుకే ఇంత జాగ్రత్త అవసరమైతే, సంచి మీద అచ్చయిన పేరు చూసి సరుకు తెలుసుకున్నామనుకోవడం ఎలా కుదురుతుంది?

ఆత్మకూర్ (ఎస్)లో ఒక రైతును పట్టుకొని నీవు ఏ కంపెనీని నమ్ముతావని అడిగి చూడండి. అతను కంపెనీ పేరు చెప్పడు, దుకాణదారు పేరు చెబుతాడు. పత్తి గింజల ప్యాకెట్టు మీద ఉన్న చిన్న అక్షరాలు చదవడానికి ఎవరికీ తీరిక ఉండదు. “ఈసారి ఇది పెట్టు, బాగా వస్తది” అని ఎరువుల దుకాణంలో చెప్పిన మాటే ఆధారం. పైగా అక్కడ ఉద్దెర ఉంటుంది, పంట వచ్చాక ఇవ్వవచ్చు. ఉద్దెర ఉన్నచోట ప్రశ్నించే నోరు సగం మూతపడుతుంది. గింజ మొలవకపోతే, మొలిచినా కాయ పట్టకపోతే, పోయేది గింజల ధర ఒక్కటే కాదు. దున్నిన ఖర్చు, ఎరువు, కూలి, ఒక ఏడాది మొత్తం పోతుంది. తెలంగాణలో నకిలీ విత్తనాలమ్మేవారిని పీడీ చట్టం కింద నిర్బంధించే దాకా ప్రభుత్వం వెళ్లవలసి వచ్చిందంటే వ్యాధి ఎంత ముదిరిందో తెలుసుకోవచ్చు.

పంట వచ్చాక నమ్మకం రెండోవైపు నుంచి పరీక్షకు వస్తుంది. వడ్లు సూర్యాపేట మార్కెట్ యార్డుకో, ఊళ్లోని కొనుగోలు కేంద్రానికో, మిర్యాలగూడ మిల్లులకో పోతాయి. తేమ 17 శాతానికి మించకూడదన్నది సర్కారు నిబంధన. రైతు కుప్ప పైభాగం ఎండబెట్టి అడుగున తడి గింజ ఉంచితే అది మోసం. కాంటా అయిపోయి, లారీ మిల్లుకు చేరాక, తాలు అని, తేమ అని తరుగు తీస్తే అదీ మోసమే. ఒకటి చిన్నవాడు పెద్దవాడికి చేసేది, మరొకటి పెద్దవాడు చిన్నవాడికి చేసేది.

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకనాడు మదీనా బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టారు. లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వర్షం పడిందని ఆ వ్యాపారి చెప్పాడు. అలాగైతే తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. వర్షం పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మడం కూడా నిషిద్ధం కాలేదు. తడిని పైన పెట్టమన్నారు, అంతే. లోపం లేని సరుకు ప్రపంచంలో లేదు. లోపాన్ని ఎక్కడ పెట్టాడన్నదే అమానత్‌కు కొలత. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) బట్టల వ్యాపారి. ఒక వస్త్రంలో లోపం ఉందని కొనేవాడికి చెప్పమని భాగస్వామికి పురమాయిస్తే అతను చెప్పడం మరచి అమ్మేశాడు. కొన్నవాడు దొరకలేదు. ఇమామ్ గారు ఆ సొమ్ము మొత్తం దానం చేశారని ఆయన జీవిత చరిత్ర రాసినవారు పేర్కొన్నారు.

ఇప్పుడు అసలు నొప్పి ఉన్నచోటికి వెళ్లాలి. పరాయివాడు మోసం చేస్తే కోపం వస్తుంది. మనవాడు అనుకున్నవాడి దగ్గర సొమ్ము చిక్కుకుంటే నోరు పెగలదు.

గడచిన పదిహేనేళ్లలో దక్షిణ భారత ముస్లిం కుటుంబాలు ‘హలాల్ పెట్టుబడి’ అనే మాట విని ఎంత సొమ్ము పోగొట్టుకున్నాయో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. 2018 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు హీరా గ్రూపు అధినేత్రి నౌహీరా షేక్‌ను అరెస్టు చేశారు. వడ్డీ లేని వ్యాపారమని, బంగారంలో లాభాలని చెప్పి సేకరించిన డబ్బు తిరిగి రాలేదన్నది మదుపుదారుల ఫిర్యాదు. మరుసటి ఏడాది జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ అనే సంస్థ మూతపడింది. దాని యజమాని దుబాయికి వెళ్లిపోయాడు, జులైలో ఢిల్లీ విమానాశ్రయంలో దొరికాడు. వేలాది మంది వరుసలు కట్టి ఫిర్యాదులు రాశారు. నేరం సంగతి తేల్చవలసింది న్యాయస్థానాలు. మనం తేల్చుకోవలసింది వేరే ఉంది. ఆడపిల్ల పెళ్లికి దాచినదీ, గల్ఫ్‌లో ఎండకు ఎండి పంపినదీ, పదవీ విరమణ సొమ్మూ ఏ పరీక్షా లేకుండా అక్కడికి ఎలా చేరాయి?

వేషం చూసి చేరాయి. సలాం చూసి, సంస్థ పేరు చూసి, ఆలిములతో దిగిన ఫోటోలు చూసి చేరాయి. ఈ మాట రాయడానికి ఒక మౌల్వీగా నాకు సిగ్గుగానే ఉంది, కానీ రాయకుండా ఉండలేను.

ఫిఖ్హ్ తెలిసినవారికి ఒక చిన్న ప్రశ్న చాలు. ముదారబత్ అంటే ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ. లాభం వస్తే ముందుగా ఒప్పుకున్న వాటాల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాడికి సొమ్ము పోతుంది, పనిచేసినవాడికి శ్రమ పోతుంది. నష్టానికి చోటు లేని ముదారబత్ లేదు. నెలనెలా లాభమే గానీ ఏనాడూ నష్టం చూపని సంస్థను, “మీ వ్యాపారం ఎక్కడ జరుగుతోంది, సరుకు ఏది, నష్టం వచ్చిన నెల ఏది?” అని అడగాలి. వడ్డీ పేరు తీసేసి లాభం అని పేరు పెట్టినంత మాత్రాన అది హలాల్ కాదు. హలాల్ అనేది ముద్ర కాదు, లావాదేవీ లక్షణం.

ఆలె ఇమ్రాన్ సూరాలో అల్లాహ్ గ్రంథప్రజల గురించి ఒక మాట తెలియజేశాడు. వారిలో ధనరాశి అప్పగించినా తిరిగి ఇచ్చేవారున్నారని, ఒక్క దీనారు అప్పగించినా వెంటపడితే తప్ప ఇవ్వనివారూ ఉన్నారని. మన సమాజానికి బయట ఉన్నవారి అమానత్‌ను ఖుర్ఆన్ ఇంత స్పష్టంగా గుర్తించింది. అమానత్ మతాలవారీగా పంచిపెట్టబడలేదు. అది మనిషి మనిషికీ విడిగా చూడవలసినది. మన పేరున్నవాడిలో అది ఉండకపోవచ్చు, వేరే పేరున్నవాడిలో నిండుగా ఉండవచ్చు.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ముందు ఒక వ్యక్తి సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. ఇతను నీకు తెలుసా అని ఆయన పక్కనున్న మరొకరిని అడిగారు. తెలుసు, మంచివాడని అతను జవాబిచ్చాడు. ఉమర్ (రజి) మూడు ప్రశ్నలు వేశారు. ఇతను నీ పొరుగువాడా? ఇతనితో ప్రయాణం చేశావా? ఇతనితో డబ్బు లావాదేవీ జరిపావా? మూడింటికీ కాదనే జవాబు వచ్చింది. బహుశా మసీదులో నమాజు చేస్తుంటే చూసి ఉంటావు, అతను నీకు తెలియదు పొమ్మన్నారు. నమాజును తక్కువ చేయడానికి ఉమర్ (రజి) ఆ మాట అనలేదు. నమాజు అల్లాహ్‌కు చేసేది. దాన్ని డబ్బు వ్యవహారానికి హామీపత్రంగా వాడుకోవద్దన్నారు.

కొందరు సోదరులు అడగవచ్చు: ఇలా ప్రశ్నించడం అనుమానం కాదా? సాటి ముస్లింను చెడుగా తలచకూడదని, సదభిప్రాయం ఉంచుకోవాలని ధర్మం చెప్పింది కదా? నిజమే, చెప్పింది. కానీ ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏ విషయం మీద ఉందో చూడండి. నమాజు మీద కాదు, రోజా మీద కాదు. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోవడం మీద, సాక్షులను పెట్టుకోవడం మీద ఉంది. అది విశ్వాసులను ఉద్దేశించి చెప్పిన మాట. రాసుకోవడం అనుమానమైతే అల్లాహ్ విశ్వాసులకు దాన్ని ఆదేశించేవాడా? సదభిప్రాయం మనసుకు సంబంధించినది, కాగితం చేతికి సంబంధించినది. ఒకటి ఉన్నచోట రెండోది ఉండకూడదని ఎవరూ చెప్పలేదు. ఒంటెను కట్టేయాలా, అల్లాహ్‌పై భారం వేసి వదిలేయాలా అని అడిగిన వ్యక్తికి కట్టేసి ఆ తర్వాత భారం వేయమనే ప్రవక్త (స) బోధించారు.

మన తెలుగులో “నమ్మి చెడినవాడు లేడు” అనే సామెత ఉంది. పెద్దలు దేవుణ్ణి దృష్టిలో పెట్టుకొని చెప్పిన మాట అది. ఏజెంట్లు దాన్ని కంపెనీకి తగిలించారు. తవక్కుల్ అల్లాహ్ ఒక్కడిపైనే ఉండవలసినది. దాన్ని తెచ్చి ఒక సంస్థ కౌంటరులో జమచేస్తే ఆ సంస్థ మోయలేదు.

ఏజెంటు మాట వచ్చింది కాబట్టి దాన్ని వదలకూడదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది నుంచి 6 వేల కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. చెల్లింపులు ఆగిపోయాక కేసులు, ఆస్తుల జప్తు మొదలయ్యాయి. ఆ డబ్బు కట్టినవారిలో ఎక్కువమంది కంపెనీ యజమానుల ముఖం చూడనే లేదు. వాళ్లు నమ్మింది తమ ఊరి ఏజెంటును. అతను బావమరిదో, బడిలో కలిసి చదివినవాడో, నెలనెలా ఇంటికి వచ్చి చాయ్ తాగి వెళ్లేవాడో అయి ఉంటాడు. కంపెనీ అతనికి కమీషన్ ఇచ్చింది. బదులుగా అతని దగ్గర తీసుకున్నది అతని పరపతిని, అంటే తాతల నాటి నుంచి ఆ ఇంటికి ఊళ్లో ఉన్న మాటను. కంపెనీ కూలినప్పుడు ఆ ఏజెంటే ఊళ్లో తలెత్తుకోలేకపోయాడు. అతనూ మోసపోయినవాడే కావచ్చు. కానీ తనకు తెలియని విషయానికి తెలిసినట్టు పూచీ పడ్డాడు.

ఇక్కడే ఒక లోతైన ప్రశ్న ఎదురవుతుంది. కంపెనీని నమ్మడం అసలు సాధ్యమా? కంపెనీకి చట్టం దృష్టిలో వ్యక్తిత్వం ఉంది, ఆస్తి ఉంటుంది, దావా వేయవచ్చు, వేయించుకోవచ్చు. కానీ దానికి అంతరాత్మ లేదు. దానికి సమాధి లేదు, ప్రళయదినాన హిసాబూ లేదు. అల్లాహ్ ముందు నిలబడేది దాని యజమాని, లెక్కలు రాసినవాడు, సంతకం పెట్టినవాడు, ఇంటింటికీ తిరిగి చేర్పించినవాడు. అమానత్ ఎప్పుడూ మనిషి మెడకే చుట్టుకుంటుంది. “నేను ఉద్యోగిని, కంపెనీ చెప్పినట్టు చేశాను” అనే జవాబు అక్కడ చెల్లుతుందని నేననుకోను.

మరి ఎల్.ఐ.సి.ని, తపాలా ఆఫీసును పల్లెజనం ఇన్ని తరాలుగా నమ్ముతున్నారు కదా అనవచ్చు. ఆ నమ్మకానికి వెనుక కాగితం ఉంది. 1956 నాటి చట్టంలోనే ఎల్.ఐ.సి. పాలసీ సొమ్ముకు కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకు బీమా కింద వచ్చే పరిమితిని 2020లో లక్ష నుంచి 5 లక్షలకు పెంచారు. ఇవి ధర్మసమ్మతమా, వడ్డీ విషయం ఏమిటి అన్నది వేరే చర్చ, ఇక్కడ దానిలోకి పోవడం లేదు. చెప్పదలచింది ఇంతే. జనం నమ్ముతున్నది అక్కడ కూర్చున్న గుమాస్తా చిరునవ్వును కాదు, అతను లేకపోయినా నిలిచే రాతను.

మక్కాలో ప్రవక్త (స)ను ‘అమీన్’ అని పిలిచినవాళ్లలో ఆయన బోధను తిరస్కరించినవాళ్లు, ఆయనను చంపడానికి పన్నాగం పన్నినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల సొమ్ము ఆయన దగ్గరే ఉండేది! మతం విషయంలో శత్రువులు, డబ్బు విషయంలో డిపాజిటుదారులు. ఏ సర్వే ఇలాంటి నమ్మకాన్ని కొలవగలదు? వలస వెళ్లే రాత్రి ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు. అలీ (రజి) మూడు రోజులు మక్కాలో ఆగి, ఎవరి సొమ్ము వారికి అప్పగించి, అప్పుడే మదీనాకు బయలుదేరారు. ఆస్తులు లాక్కొని ఊరి నుంచి తరిమినవాళ్ల సొమ్మును సర్దుబాటు కింద ఉంచేసుకోవచ్చని ఆ రోజు ఎవరైనా వాదించి ఉంటే ఆ వాదన బలంగానే వినిపించేది.

పాఠక సోదరులారా! వానాకాలం విత్తనాలకు మళ్లీ దుకాణం మెట్లు ఎక్కినప్పుడు దుకాణదారు ఎంత దగ్గరివాడైనా రసీదు అడగండి. విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, ఫోరానికి వెళ్లే హక్కు అతనికి ఉందని 2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో స్పష్టం చేసింది. ఆ కేసు మన ఉమ్మడి రాష్ట్రపు రైతులదే. ఫిర్యాదు చేయాలంటే కొన్నట్టు ఆధారం చేతిలో ఉండాలి. రసీదు మీద లాట్ నంబరు రాయించండి, ఖాళీ ప్యాకెట్టును పారేయకుండా పంట చేతికొచ్చేదాకా దాచండి. దుకాణదారు సోదరులు కూడా అడగకముందే రాసివ్వాలి. ఉద్దెర ఇచ్చినా సరే రాసివ్వాలి.